టీపన్ కాగితం మీది పనితనం

సర్కారు భూమి అమ్మకం అనగానే మనకు వేలంపాటే గుర్తొస్తుంది. ఎకరం ఎంత పలికింది, ఎవరు పాడుకున్నారు, ఖజానాకు ఎంత చేరింది, పేపర్లో వచ్చేదీ ఇదే. నాకు మాత్రం ఆ వ్యవహారం మొత్తంలో ముచ్చటగొలిపేది, ఆ వేలానికి ఎన్నో దశాబ్దాల ముందు పేరు తెలియని సర్వేయరెవరో గీసి పెట్టిపోయిన ఒక కాగితం. దాన్ని టీపన్ అంటారు. ఆస్పత్రికి ఇచ్చిన జాగాలో ఎంత వాడుకున్నాం, ఎంత మిగిలింది, మిగిలినదాన్ని ఉంచాలా అమ్మాలా అన్న ప్రశ్న ఇబ్రహీంపట్నం లాంటి ఊళ్లో ఎప్పుడు లేచినా, జవాబు వెతకడం ఆ కాగితం దగ్గరే మొదలుపెట్టాలి.

ఇబ్రహీంపట్నం పేరు ఊరికే ఎత్తలేదు. గోల్కొండ ఏలిన ఇబ్రహీం కులీ కుతుబ్ షా పేరున వెలిసిన ఊరు, ఆ కాలం నాటి పెద్ద చెరువు, నాగార్జునసాగర్ రోడ్డు. మొన్నమొన్నటి దాకా ఇంతే దాని గుర్తింపు. తర్వాత ఆదిబట్లకు టీసీఎస్ వచ్చింది, ఏరోస్పేస్ పార్కు వచ్చింది, బొంగుళూరు దగ్గర ఔటర్ రింగు రోడ్డు తగిలింది. 2025 మార్చిలో 7 మండలాల 56 గ్రామాలతో ఫ్యూచర్ సిటీ డెవలప్‌మెంట్ అథారిటీ ఏర్పడింది. ఆ ఏడింటిలో ఇబ్రహీంపట్నం మండలం ఒకటి. జొన్నచేల మధ్య దవాఖానకు ఎకరమో రెండెకరాలో ఇచ్చినప్పుడు ఎవరూ గొలుసు పట్టుకుని పోట్లాడలేదు. ఇప్పుడు గుంట పోయినా కోర్టు మెట్లెక్కాల్సిన రోజులు.

టీపన్‌ను మొదటిసారి చూసినవాళ్లకు అది పొలం బొమ్మ అనిపించదు. చేత్తో గీసిన వంకర గీతలు, మధ్యగా ఒక పొడుగు గీత, దానికి అటూ ఇటూ పొట్టి అడ్డగీతలు, వాటి పక్కన ఉర్దూ అంకెలు. స్కేలు పాటించి గీసింది కాదు. పాటించనక్కర్లేదు కూడా. పొలం ఆకారాన్ని కంటికి చూపించడం దాని పని కాదు. ఆ పొలాన్ని ఎప్పుడు కావాలంటే అప్పుడు నేలమీద మళ్లీ నిలబెట్టడానికి కావలసిన కొలతలన్నీ దాచిపెట్టడం దాని పని. మొదటి సాలార్‌జంగ్ దివానుగా ఉన్న రోజుల్లో, 1870ల నడుమ, నిజాం రాజ్యంలో సర్వే సెటిల్మెంటు మొదలైంది. బొంబాయి ఇలాకా పద్ధతిని తెచ్చుకున్నారు. గొలుసు పొడవు 33 అడుగులు. దానికి 16 అణాలు.

ఈ 33 అడుగుల ఎంపికలోనే అసలు తెలివి ఉంది. ఒక గొలుసు పొడవు, ఒక గొలుసు వెడల్పు ఉన్న చదరం 1,089 చదరపు అడుగులు. అంటే 121 గజాలు, అంటే సరిగ్గా ఒక గుంట. అలాంటివి నలభై అయితే ఎకరం. సర్వేయరు ఎండలో నిలబడి అడుగులను గజాల్లోకి, గజాలను ఎకరాల్లోకి మార్చుకుంటూ కూర్చోనక్కర్లేదు. గొలుసుల్లో కొలిస్తే గుంటల్లో జవాబు వస్తుంది. ఒక చేను మధ్యలో పొడుగు గీత 12 గొలుసులు వచ్చిందనుకుందాం. దాని నుంచి ఒక పక్క మూలకు లంబం 5 గొలుసులు, రెండో పక్క మూలకు 3. ఒక త్రిభుజం 30, ఇంకొకటి 18. మొత్తం 48 గుంటలు, ఎకరా ఎనిమిది గుంటలు. నోటిలెక్కలోనే అయిపోయింది.

అణా లెక్క ఇంకా సొగసైనది. ఒక గొలుసు పొడవు, ఒక అణా వెడల్పు ఉన్న పట్టీ గుంటలో పదహారో వంతు, ఏడున్నర గజాలకు రవ్వంత ఎక్కువ. రూపాయికి పదహారణాలు ఉన్న కాలంలో పట్వారీకి గానీ రైతుకు గానీ ఇది విడిగా నేర్పాల్సిన విద్య కాదు. అంత చిన్న ముక్కను లెక్కలోకి తెచ్చి ఏం సాధించారని అప్పట్లో ఎవరైనా నవ్వి ఉండొచ్చు. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ వేలంలో ఒక ప్లాటు ఎకరం 100.75 కోట్లు పలికింది. ఆ ధరన ఒక అణా భూమి విలువ 15 లక్షల 74 వేలు. ఇబ్రహీంపట్నంలో ఆ ధర లేదు, కానీ అణాను వదిలేసే రోజులు అక్కడా పోయాయి.

టీపన్ తర్వాత సేత్వార్. సర్వే నంబరు వారీగా విస్తీర్ణం, శిస్తు, ఎవరి పేరు, ఏ రకం భూమి అని తేల్చి రాసిన పుస్తకం. సర్కారీ అయితే సర్కారీ, చెరువు శిఖం అయితే శిఖం. ఆ తర్వాతి కాలానికి 1954-55 నాటి ఖస్రా పహాణీ, ఏటేటా పహాణీలు. ఊరి నక్షా ఉండనే ఉంది. సర్వే నంబరు లోపల ముక్కలు పడితే టోంచ్ నక్షా. వీటిని వరుసగా పక్కపక్కన పెట్టి చదవగలిగిన పాతకాలపు రెవెన్యూ ఉద్యోగి పని చూస్తే ముచ్చటేస్తుంది. ఏ సంవత్సరంలో పేరు మారింది, మారినప్పుడు విస్తీర్ణం ఎందుకు అరగుంట తగ్గింది, ఆ అరగుంట బాటలో కలిసిందా పక్కవాడి చేనులో కలిసిందా అన్నది ఆయన వేలితో చూపిస్తాడు. కొత్త పోర్టళ్లలో ఒక్క క్లిక్కుతో వచ్చే వివరం ఈ వరుస చివరన ఉన్న అంకె మాత్రమే. దాని వెనక కథ అందులో కనపడదు.

ఇక ఆస్పత్రి సంగతి. ప్రభుత్వాస్పత్రి భూమి ఎవరిది? సామాన్యుడికి ఇది వెర్రి ప్రశ్న. సర్కారుది కాక ఎవరిది? ఫైలు మొదలుపెట్టే గుమాస్తాకు మాత్రం ఇక్కడే తల తిరుగుతుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు ప్రజారోగ్య సంచాలకుల కింద నడుస్తాయి. ఏరియా ఆస్పత్రులు, సామాజిక ఆరోగ్య కేంద్రాల కోసం ఉమ్మడి రాష్ట్రంలో 1986లో చట్టం చేసి వైద్య విధాన పరిషత్‌ను పెట్టారు. బోధనాస్పత్రులు వైద్య విద్య సంచాలకులవి. భవనం కట్టేది వైద్య మౌలిక వసతుల సంస్థ. కింద నేల మాత్రం చాలాచోట్ల పహాణీలో నేటికీ రెవెన్యూ శాఖ పద్దులోనే సర్కారీగా కనపడుతుంది. కొన్నిచోట్ల ఊరి పెద్దలు దానంగా రాసిచ్చినది. ఆస్పత్రి కోసమే ఇచ్చిన దానాన్ని ఆస్పత్రికి పనికిరాలేదని అమ్మబోతే దాత మనవలు ఊరుకుంటారా? ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. దానపత్రంలో షరతు ఏ మాటల్లో రాసుందో చదవకుండా ఆ భూమిని మిగులు జాబితాలో ఎక్కించే అధికారి తనకు తానే వ్యాజ్యం రాసుకుంటున్నట్టు.

సర్కారు నేలను శాఖకు అప్పగించే పద్ధతికీ ఒక అల్లిక ఉంది. తెలంగాణ ప్రాంతానికి 1975 నాటి ప్రభుత్వ భూముల బదలాయింపు నియమాలున్నాయి. వాటి మీద 2012 సెప్టెంబరు 14న వచ్చిన 571వ నంబరు జీవో ఉంది. తహసీల్దారు నివేదిక, ఆర్డీవో పరిశీలన, కలెక్టరు సిఫారసు, భూపరిపాలన ప్రధాన కమిషనరు దగ్గర వడపోత, ఆ పైన ప్రభుత్వం. అడిగినదానికన్నా ఎక్కువ ఇవ్వకుండా అవసరాన్ని లెక్కగట్టడం, ఇచ్చిన పనికే వాడాలనడం, వాడకపోతే వెనక్కి తీసుకునే హక్కు ఉంచుకోవడం ఇందులోని మూడు ముడులు. అంటే ఆస్పత్రికి ఇచ్చిన భూమిలో వాడనిది మిగిలితే, నియమం ప్రకారం మొదటి అడుగు అమ్మకం కాదు, తిరిగి స్వాధీనం. చాలామందికి తెలియని సంగతి ఇది. శాఖ చేతిలో ఉన్నంత మాత్రాన శాఖ సొంత ఆస్తి అయిపోదు.

స్వాధీనం చేసేటప్పుడు రాసే పంచనామాను నేను సాహిత్యంగా చదువుతాను. తూర్పున ఫలానా నంబరు గెట్టు, పడమర బండ్లబాట, ఉత్తరాన వాగు, దక్షిణాన ఊరి గ్రామకంఠం. చెక్కుబంది నాలుగు ముక్కల్లో తేలిపోతుంది, కింద పంచుల సంతకాలు, వేలిముద్రలు. విశేషణం ఒక్కటి ఉండదు. విస్తీర్ణానికీ హద్దులకూ తేడా వచ్చినప్పుడు కోర్టులు మామూలుగా హద్దులకే విలువ ఇస్తాయి. రెండెకరాలని రాసి, హద్దులు రెండెకరాల పది గుంటలను చుట్టి ఉంటే, ఆ పది గుంటల భవిష్యత్తు ఈ నాలుగు మాటల మీద వేలాడుతుంది. బాగా రాసేవాడు కదిలిపోయే వస్తువును హద్దుగా రాయడు. వేపచెట్టు రాయడు, ఫలానావారి పాక రాయడు. గెట్టు రాయో, సర్వే నంబరో, నక్షాలో ఉన్న బాటో రాస్తాడు. ఇబ్రహీంపట్నంలో చెరువు హద్దయితే ఇంకో జాగ్రత్త కావాలి. నీళ్లు ఎండాకాలం ఒకచోట, వానాకాలం ఒకచోట నిలుస్తాయి. కనుక హద్దు నీటి అంచు కాదు, పూర్తి నిల్వ మట్టం గీత. పది హెక్టార్లు దాటిన చెరువుకు ఆ గీత నుంచి మరో 30 మీటర్లు నిర్మాణాలకు పనికిరాదు. ఆ పట్టీని కూడా కలుపుకుని మిగులు ఇంతని చూపిస్తే, కొన్నవాడికి దక్కేది గడ్డి.

మిగులు అంటే ఏది? ఇక్కడ మన ఉమ్మడి అనుభవం చాలా నేర్పింది. ఎర్రగడ్డ ఛాతీ ఆస్పత్రి ఆవరణ పెద్దది. క్షయ రోగులకు గాలీ వెలుతురూ కావాలని ఆ రోజుల్లో విశాలంగా వదిలిన నేల. 2015లో ప్రభుత్వం ఆ ఆస్పత్రిని వికారాబాద్ దగ్గరి అనంతగిరికి తరలించి అక్కడ కొత్త సచివాలయం కడదామనుకుంది. రోగులు, డాక్టర్లు, పార్టీలు ఎదురుతిరిగారు. ఆ ఆలోచన ఆగిపోయింది, సచివాలయం పాత చోటే కొత్తగా లేచి 2023 ఏప్రిల్ 30న ప్రారంభమైంది. ఈలోగా 2022 ఏప్రిల్ 26న అదే ఎర్రగడ్డ ఆవరణలోని 17 ఎకరాల్లో సనత్‌నగర్ టిమ్స్ ఆస్పత్రికి శంకుస్థాపన చేశారు. వెయ్యి పడకలు, అంచనా 882 కోట్లు. ఏడేళ్ల ముందు మిగులుగా కనిపించిన నేలకు ఏడేళ్ల తర్వాత వైద్యశాఖకే అవసరం పడింది. మధ్యలో కోవిడ్ వచ్చిపోయింది. 2021లో ఆక్సిజన్ ప్లాంట్లు పెట్టాల్సి వచ్చినప్పుడు, ఆవరణలో ఖాళీ ఉన్న ఆస్పత్రులు బతికిపోయాయి. గోడకు గోడ తగిలేలా కట్టుకున్నవి సందుల కోసం వెతుక్కున్నాయి.

దీనికి తిరగబడిన కథ ఇబ్రహీంపట్నం వాకిట్లోనే ఉంది. సనత్‌నగర్‌ది కలిపి అదే రోజు శంకుస్థాపన జరిగిన మూడు టిమ్స్‌లలో ఒకటి గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ స్థలంలోది. ఇక్కడ ఆరోగ్యశాఖ భూమి ఇవ్వలేదు, పుచ్చుకుంది. మార్కెట్ బాటసింగారం లాజిస్టిక్స్ పార్కుకు కదిలింది, శాశ్వత చిరునామాగా కొహెడను చూపించారు. రెండూ ఇబ్రహీంపట్నం రెవెన్యూ డివిజన్‌లోని అబ్దుల్లాపూర్‌మెట్ మండలంలోవే. 2020 మేలో కొహెడలో మామిడి కోసం వేసిన తాత్కాలిక షెడ్లు ఈదురుగాలికి కూలాయి. ఒకచోట స్థలం ఖాళీ చేయించడం ఒక ఎత్తు, ఖాళీ చేసినవాళ్లకు నీడ చూపించడం ఇంకో ఎత్తు. మొదటిదానికి ఉత్తర్వు చాలు. రెండోదానికి పనివాళ్లు కావాలి.

ఇలాంటి పనిని పుస్తకంగా రాసి పెట్టుకున్నవాళ్లు ఇంగ్లండు వాళ్లు. అక్కడి జాతీయ ఆరోగ్య సేవ భూముల కొనుగోలు, నిర్వహణ, అమ్మకాలకు ఎస్టేట్‌కోడ్ పేరుతో మార్గదర్శకం ఉంది. దాని పొడి భాష వెనక ఒక కుంభకోణం ఉంది. 1938లో డోర్సెట్‌లోని క్రిచెల్ డౌన్ దగ్గర 725 ఎకరాలను బాంబుల సాధన కోసం వైమానిక శాఖ తీసుకుంది. యుద్ధం అయ్యాక పాత యజమానులకు ఇవ్వకుండా చేతులు మార్చారు. ఆ రగడలో 1954లో వ్యవసాయ మంత్రి సర్ థామస్ డగ్‌డేల్ రాజీనామా చేశాడు. అప్పటి నుంచి, బలవంతంగా సేకరించిన భూమి మిగిలితే ముందు పాత యజమానికి ఇవాళ్టి మార్కెట్ ధరకు చూపించాలన్న నియమం వచ్చింది. ఆస్పత్రి భూములకూ అదే వర్తిస్తుంది. 2015లో వాళ్ల ప్రభుత్వం మిగులు ఆరోగ్య భూముల నుంచి 200 కోట్ల పౌండ్లు, 26,000 ఇళ్లకు సరిపడా జాగా రాబట్టాలని లక్ష్యం పెట్టుకుంది. 2017లో సర్ రాబర్ట్ నేలర్ నివేదిక ఆస్పత్రులు ఊరికే అమ్మవు, వచ్చిన డబ్బు వాటికే తిరిగి దక్కుతుందన్న నమ్మకం ఉండాలన్న దిశగా నడిచింది. లక్ష్యం పెట్టి అమ్మించడం నాకంత నచ్చదు, అంకె కోసం నేల వెతికే అలవాటు వస్తుంది. నేలర్ చూపించిన కిటుకు మాత్రం నచ్చింది.

మన దగ్గర పాత యజమాని సంగతి వేరు. 1997లో భాస్కరన్ పిళ్లై కేసులో సుప్రీంకోర్టు, సేకరించిన భూమి అనుకున్న పనికి అక్కర్లేకపోతే ఇంకో ప్రజా ప్రయోజనానికి వాడాలని, అదీ లేకపోతే బహిరంగ వేలం వేసి ఆ సొమ్మును ప్రజా ప్రయోజనానికే ఖర్చు చేయాలని చెప్పింది. పాత ధరకు పాతవాళ్లకు ఇచ్చేయడం కుదరదంది. 2013 భూసేకరణ చట్టంలోని 101వ సెక్షన్ ఐదేళ్లు వాడని భూమిని యజమానికి గానీ ల్యాండ్ బ్యాంకుకు గానీ ఇవ్వాలని మరో దారి తెరిచింది. ఏ భూమి ఏ చట్టం కింద వచ్చిందో తేల్చడమే సగం పని. మళ్లీ సేత్వార్, మళ్లీ పాత ఫైలు.

వేలం దాకా వచ్చిన భూమి సంగతికి వస్తే, ఈ దశలో హైదరాబాద్ సంస్థల పని చూసి మెచ్చుకోవాల్సిందే. కోకాపేటలో హెచ్‌ఎండీఏ పొలాన్ని పొలంగా అమ్మలేదు. ముందు లేఅవుట్ వేసింది, రోడ్లు, నీళ్లు, కరెంటు వసతి చూపించింది, ప్లాట్లకు చిక్కులేని హక్కు చూపించింది, ఆ తర్వాతే నోటీసు ఇచ్చింది. 2021 జులైలో 49.92 ఎకరాలకు దాదాపు 2,000 కోట్లు, 2023లో 45.33 ఎకరాలకు 3,319 కోట్లు. ఎకరం ధర దాదాపు రెండింతలైందని అందరూ అంకె చూశారు. నేను చూసేది నోటీసును. చిక్కున్న నేలను తక్కువకు అమ్మడం ఎవరికైనా వచ్చు. చిక్కు విప్పి అమ్మడానికి ఏళ్లు పడుతుంది. పాట నడిపేది ఎంఎస్‌టీసీ పోర్టల్. 1964లో పాత ఇనుము వ్యాపారానికి పుట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ అది. తుక్కు అమ్మడంలో ఆరితేరిన చేత్తో ఇప్పుడు బంగారం లాంటి భూమిని అమ్ముతోంది. వెక్కిరింపు కాదు, వేలం విద్య వస్తువును బట్టి మారదని చెప్పడానికే ఈ మాట. ఎవరు పాడుతున్నారో ఒకరికొకరికి తెలియదు, ఆఖరి నిమిషాల్లో ఎవరైనా పెంచితే గడువు దానంతటదే కాస్త జరుగుతుంది. పాత సంతల్లో దళారులు తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని చేసిన బేరం ఇందులో సాగదు.

ఆరోగ్యానికి సంబంధించిన భూమి మీద మన చుట్టుపక్కల అన్నిటికన్నా పెద్ద ప్రశ్న బాలానగర్ ఐడీపీఎల్. సోవియట్ సాయంతో లేచి 1960లలో మందుల తయారీ మొదలుపెట్టిన ప్రభుత్వ రంగ కర్మాగారం అది. డాక్టర్ కె.అంజిరెడ్డి అక్కడే పనిచేసి, తర్వాత 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. హైదరాబాద్ మందుల పరిశ్రమకు పునాది వేసిన ఆ సంస్థ మూతపడి, వందల ఎకరాలు మిగిలాయి. 2016 డిసెంబరు 28న కేంద్ర మంత్రివర్గం చేసిన తీర్మానం నిర్మాణాన్ని గమనించండి. ఐడీపీఎల్ సహా నాలుగు మందుల సంస్థల మిగులు భూమిని, అప్పులు తీరడానికి ఎంత కావాలో అంత మేరకే, అదీ ప్రభుత్వ సంస్థలకే అమ్మాలన్నారు. భూమి మొత్తానికి గిరాకీ చూసి కాదు, బాకీ చూసి కత్తెర వేశారు. ఉద్యోగుల బకాయిలూ అందులోనే. వినడానికి చక్కగా ఉన్నా, కొనే ప్రభుత్వ సంస్థలు ముందుకు రాక పని నడవలేదు. 2019 జులై 17న ఆ కట్టుబాటు సడలించి, ప్రభుత్వరంగ సంస్థల భూముల అమ్మకానికి ఉన్న 2018 మార్గదర్శకాల దారిలో పెట్టారు. మొదటి తీర్మానంలో అందం ఎక్కువ, రెండోదానిలో పనికొచ్చే గుణం ఎక్కువ. నాకు మొదటిదే ఇష్టం. కాకపోతే దాన్ని రాసినవాళ్లు కొనేవాళ్లెవరో కూడా ఆలోచించి రాసి ఉండాల్సింది.

కొలత బాగుంది, హద్దు బాగుంది, పాట బాగుంది. మన ఫైళ్లలో పనితనం పలచబడేది డబ్బు పద్దు దగ్గర. సర్కారు భూమి అమ్మిన సొమ్ము రాష్ట్ర ఖజానాలో కలుస్తుంది. కలిసిన తర్వాత అందులో ఎంత ఆస్పత్రి భూమిదో విడదీయడం ఎవరివల్లా కాదు, పైగా విడదీయాలని అడిగే హక్కు ఆ ఆస్పత్రి సూపరింటెండెంటుకు లేదు. ఐడీపీఎల్ తీర్మానంలో ఫలానా బాకీ అని చెప్పినట్టు, ఎకరమో అరెకరమో పోయే మండల ఆస్పత్రి ఫైల్లోనూ ఈ సొమ్ముతో ఇదే డివిజన్‌లో ఇన్ని పడకలు, ఈ రక్తనిధి, ఈ ప్రసూతి వార్డు అని ముందే రాయొచ్చు. బదలాయింపు ఉత్తర్వులోనే పద్దు నంబరు వేయించొచ్చు. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, ఆర్థిక శాఖ ఒప్పుకుంటే చాలు. ఆర్థిక శాఖ చేత ఒప్పించే నోట్ రాయడం, నన్నడిగితే, టీపన్ గీయడం కన్నా కష్టమైన పని.

2025లో వచ్చిన భూభారతి చట్టం రిజిస్ట్రేషన్లకు సర్వే పటం జతచేయాలంటోంది. లైసెన్స్‌డ్ సర్వేయర్లను తయారుచేస్తున్నారు. రోవర్ పట్టుకుని ఉపగ్రహం సాయంతో సెంటీమీటర్ల లెక్కన కొలిచే కుర్రాళ్లు వస్తున్నారు. వాళ్లు కొలిచిన అంకె నేల ఇవాళ ఎలా ఉందో చెబుతుంది. ఎలా ఉండాలో మాత్రం టీపన్ చెబుతుంది. ఆస్పత్రి గోడ పాత గెట్టుకు మూడు అణాలు లోపలికి ఉంటే, రోవర్‌కు గోడే హద్దు. అందుకని డివిజన్‌లోని ప్రతి ప్రభుత్వాస్పత్రి ఆవరణకూ ముందు టీపన్ ప్రకారం రాళ్లు పాతించి, ఆ రాళ్ల దగ్గర రోవర్ నిలబెట్టి, రెండు అంకెలనూ ఒకే కాగితం మీద రాయించుకోవాలి. అమ్మే ఉద్దేశం లేని ఆస్పత్రులకైతే ఇది మరీ ముందు జరగాలి. ఎవరూ అమ్మని భూమికే ఆక్రమణల బెడద ఎక్కువ.